నవ్వకండిగారు కొండెక్కిన వైనం

ఆయన అసలు పేరు ఇంటిపన్ను కాగితాల మీద తప్ప ఇంకెక్కడా వాడకంలో లేదు. ఊళ్ళో అందరూ ఆయన్ని నవ్వకండిగారు అనేవాళ్ళు. మెయిన్ రోడ్డు మలుపులో, కళ్ళజోళ్ళ షాపుకీ ఇస్త్రీ షాపుకీ మధ్య ఇరుక్కున్న ఫొటో స్టూడియో ఆయనది. ఇరవై ఆరేళ్ళుగా ఆ ఊరివాళ్ళ పాస్‌పోర్ట్ సైజు ఫొటోలన్నీ ఆయన చేతి మీదుగానే వెళ్ళాయి. లోపల ఒక గుండ్రటి స్టూలు, దాని వెనక తెల్లటి తెర, పక్కన మేకుకి ఎవరికీ సరిపోని నల్లకోటు, ఒకసారి వేసిన ముడి మళ్ళీ విప్పని టై. స్టూలు మీద మనిషి కూర్చోగానే దగ్గరికొచ్చి, "ఏమనుకోకండి" అంటూ రెండు వేళ్ళతో గడ్డం కొంచెం దించి, వెనక్కి నడిచి, కెమెరాకి కన్ను ఆనించి, "నవ్వకండి" అనేవారు. ఆయన జీవితం చాలావరకు ఆ రెండు మాటల మధ్యే నడిచింది.

ఫొటో చేతికిచ్చాక నూటికి తొంభైమంది ఒకటే ఫిర్యాదు చేసేవాళ్ళు, ఇది నాలా లేదండీ అని. దానికీ ఆయన దగ్గర జవాబు సిద్ధంగా ఉండేది. "మీరు రోజూ అద్దంలో చూసుకునేది తిరగబడ్డ ముఖం. లోకానికి కనిపించేది ఇదీ. మీకు కొత్తగా ఉంటుంది గానీ లోకానికి పాతే." ఇంత వేదాంతం విన్నాక ఫొటో వెనక్కి ఇవ్వడానికి ఎవరికైనా మొహమాటమే కదా. మారుమాట్లాడకుండా కవరు జేబులో పెట్టుకుని వెళ్ళిపోయేవాళ్ళు.

ఇంతవరకు ఏ పేచీ లేదు. పేచీ అంతా షాపు ముందు, అద్దాల అరలో వేలాడే పెద్ద ఫొటోతో.

అందులో రెండు శిఖరాలు ఉంటాయి. ఎడమవైపు పెద్దది. కుడివైపు చిన్నది, అక్క భుజం మీద చెల్లెలు తల వాల్చినట్టు దాని మీదికి ఒరిగి ఉంటుంది. నడుముదాకా పొగమంచు. ముందు ఒక వంకర చెట్టు, కొమ్మకొమ్మకీ ఎర్రటి పూలగుత్తులు. వసంతం అంటే ఇలా ఉండాలి అని ఎవరో వసంతానికే చూపించడానికి తీసినట్టుంటుంది. దారిన పోయేవాళ్ళు ఆగి చూసి, లోపలికి తొంగి, మీరే తీశారా అని అడిగేవాళ్ళు. నవ్వకండిగారు "ఊఁ" అనేవారు.

ఆయన తీయలేదు. ఆయన ఆ కొండ మొహం కూడా చూడలేదు. మేడమెట్లు ఎక్కేటప్పుడు సగంలో ఆగి గోడమీది క్యాలెండరు శ్రద్ధగా చదివే మనిషి ఆయన. ఆ ఫొటో తీసింది స్టూడియో పాత యజమాని, ఈయనకి పని నేర్పిన గురువుగారు. కొండ దిగొచ్చి, నెగటివ్ శిష్యుడి చేతికిచ్చి, పెద్ద ప్రింటు వేయమన్నాడు. అప్పటికే గురువుగారి కళ్ళకి పొరలు కమ్మాయి. ప్రింటుని ముక్కు దగ్గర పెట్టుకుని చూసి, "బాగా వేశావురా" అని తన చేత్తోనే అరలో తగిలించాడు. ఆర్నెల్లకి తాళాలు శిష్యుడికిచ్చి కూతురి దగ్గరికి వెళ్ళిపోయాడు. అక్కడే పోయాడు.

తాళాలు చేతికొచ్చిన వారానికి ఒకమ్మాయి వచ్చింది. బడి లైబ్రరీలో ఉద్యోగం వచ్చింది, గుర్తింపుకార్డుకి ఫొటో కావాలి. ఈయన గడ్డం సరిచేస్తుంటే, "బయట కొండల ఫొటో మీరే తీశారా?" అని అడిగింది. మా గురువుగారండీ అని చెప్పడానికే ఆయన నోరు తెరిచారు. వచ్చింది మాత్రం "ఊఁ". ఆ ఒక్క ఊఁ మీద పెళ్ళి, ఇల్లు, ఇరవై ఆరేళ్ళ కాపురం లేచాయి. లైబ్రరీ ఆవిడకి మొగుడంటే కన్నా మొగుడు తీసిన ఆ కొండంటే గర్వం. "బతుకుతెరువు కోసం ముఖాలు తీస్తారు గానీ, ఈయన మనసంతా కొండల్లోనే" అని వచ్చినవాళ్ళకీ పోయినవాళ్ళకీ చెప్పేది. ఆ మాట విన్న ప్రతిసారీ నవ్వకండిగారు ఏదో ఒక లైటు సర్దడానికి తెర వెనక్కి వెళ్ళేవారు.

పక్కనున్న కళ్ళజోళ్ళ షాపు నడిపేది లైబ్రరీ ఆవిడ తమ్ముడు. పొద్దస్తమానం జనంచేత గోడమీది అక్షరాలు చదివించి, ఎవరికి ఏది కనిపించడం లేదో కనిపెట్టడం అతని వృత్తి. షాపు కట్టేశాక కూడా ఆ గుణం పోలేదు. బావ మేడమెట్ల మీద క్యాలెండరు చదవడం అతను ఎన్నోసార్లు చూశాడు. ఆదివారం నడక సంఘానికి అధ్యక్షుడూ, కార్యదర్శీ, టీ తెచ్చేవాడూ అతనే. మాఘం చలి వదిలిందో లేదో, స్టూడియోలోకి వచ్చి స్టూలు మీద కూర్చున్నాడు.

"బావా, ఈసారి సంఘం మీ కొండకి వెళ్తోంది."

"మా కొండేమిటోయ్?"

"ఆ అరలోది. అది ఎక్కడుందో ఎప్పుడో నువ్వే చెప్పావుగా. సరిగ్గా నువ్వు నిలబడ్డచోటే నిలబడి, అదే ఫొటో మళ్ళీ తీస్తావు. అందరికీ తలో కాపీ. దారి నువ్వే చూపించాలి మరి."

గురువుగారు చెప్పిన చోటు పేరు ఎప్పుడో గొప్పకి పోయి బావమరిది దగ్గర వాగిన నోటిని నవ్వకండిగారు లోలోపల తిట్టుకున్నారు. ముందు పరీక్ష దరఖాస్తుల రద్దీ అన్నారు. తర్వాత నడుం నొప్పి అన్నారు. కెమెరా లెన్సుకి తేమ పడదన్నారు. ఒక్కటీ పారలేదు, ఎందుకంటే ఇంట్లో లైబ్రరీ ఆవిడ అప్పటికే సెలవు పెట్టేసింది. కాన్వాసు బూట్లు కొంది. ఆవిడకి రెండు మోకాళ్ళూ నొప్పే. అయినా రోజూ సాయంత్రం ఆ బూట్లు వేసుకుని మేడమెట్లు పదిసార్లు ఎక్కి పదిసార్లు దిగేది. మధ్యలో ఆగి, "మీరు ఆ రోజు నిలబడ్డ రాయి ఉంటుందంటారా ఇంకా?" అని అడిగేది.

రాయి ఉంటుంది, నేనే ఉండను, అనుకున్నారు ఆయన. పైకి మాత్రం "ఊఁ" అన్నారు.

మొత్తం ఏడుగురు బయల్దేరారు. మొగుడూ పెళ్ళాం, బావమరిది, మెడలో ఈల లేకుండా పడుకోని రిటైర్డ్ డ్రిల్లు మాస్టారు, ఇంకో ముగ్గురు సంఘం సభ్యులు. వాళ్ళు పేరుకి నడకవాళ్ళే గానీ ఎక్కువ తినేవాళ్ళు. రాత్రి కొండకింద చెక్కల బసలో పడుకుని తెల్లారగట్ల లేచేసరికి కిటికీ అవతల లోకం లేదు. వాకిట్లో నిలబెట్టిన బస తాలూకు సైకిలు కూడా కనిపించనంత పొగమంచు. అందరి ముఖాలూ వేలాడాయి. నవ్వకండిగారు ఒక్కరే రెండు కప్పుల టీ తాగారు. ఆయనకి పొగమంచు మీద అంత ప్రేమ అదివరకెప్పుడూ పుట్టలేదు.

"పైకెళ్ళేకొద్దీ ఇంకా దట్టంగా ఉంటుందేమో కదండీ?" అని గైడుని ఆశగా అడిగారు.

గైడు యాభై ఏళ్ళ మనిషి, బక్కపలచగా, చేతిలో కర్రతో, ఆ కొండ తన పెరడే అన్నట్టు నడిచే ఆవిడ. "చెప్పలేం సార్. మధ్యలో ఓ అయిదు నిమిషాలు విడుతుంది. మళ్ళీ మూసేస్తుంది. ఆ అయిదు నిమిషాల కోసమే జనం వస్తారు" అంది.

దారి మొదట్లో మెత్తగానే ఉంది. తడిసిన ఆకుల మీద బూట్లు చప్పుడు చేయడం లేదు. పక్కన ఎక్కడో నీళ్ళు పారుతున్నాయి, ఎక్కడో తెలియడం లేదు. చేతికందే దూరంలో మాత్రం వసంతం తన పని తాను చేసుకుపోతోంది. బొటనవేలి గోరంత లేత చిగుళ్ళు, ఒక్కోదాని కొనకి ఒక్కో నీటిబొట్టు. గడ్డిలో పసుప్పచ్చటి చిన్నిపూలు. హఠాత్తుగా మంచులోంచి ఎర్రటి గుత్తులు వేలాడే కొమ్మ ఒకటి ముఖం మీదికి వచ్చేది. లైబ్రరీ ఆవిడ ప్రతి పూవు దగ్గరా ఆగింది. మోకాలికి కాస్త విశ్రాంతి దొరికేది, మొగుడికి ఊపిరి దొరికేది. పాపం ఆవిడ తన కోసం ఆగుతోందో, ఆయన కోసం ఆగుతోందో ఇద్దరిలో ఎవరూ అడగలేదు.

నవ్వకండిగారు స్టూడియోలోని మూడుకాళ్ళ స్టాండు భుజానికెత్తుకుని, అడుగు తీసి అడుగు వేస్తూ, దారి చూపించాల్సిన మనిషి గనక ముందు నడుస్తున్నారు. ఎటు వెళ్ళాలో తెలియనప్పుడల్లా ఆగి, గుర్తు తెచ్చుకుంటున్నట్టు తల ఒక పక్కకి వంచేవారు. ఈలోగా గైడు ఎటు తిరిగితే అటే తిరిగేవారు.

ప్రతి మలుపులోనూ వెనకనించి బావమరిది గొంతు వచ్చేది. "బావా, ఇక్కడేనా?"

"ఇంకా పైన."

"ఇక్కడ?"

"మంచు లేకపోతే చూపించేవాణ్ణోయ్. ఏం చేస్తాం."

మూడో మలుపులో కూర్చుని రొట్టెలు తింటుండగా బావమరిది సంచిలోంచి ఒక కవరు తీశాడు. అందులో అరలోని ఫొటో చిన్న కాపీ, పోస్టుకార్డంత ఉంది. పైకెళ్ళాక కొండ పక్కన పెట్టి పోల్చడానికి తెచ్చాడట. నవ్వకండిగారికి గుండె జారి బూట్లలో పడింది. బావమరిది దాన్ని గైడు చేతికిచ్చాడు.

గైడు చాలాసేపు చూసింది. దగ్గరగా చూసింది, దూరంగా పెట్టి చూసింది. "ఇది ఈ కొండ కాదు సార్" అంది.

ఎవరి రొట్టె వాళ్ళ నోటిదగ్గరే ఆగింది.

"ముప్పై ఏళ్ళుగా తిరుగుతున్నా. ఇక్కడ ప్రతి రాయీ నాకు తెలుసు. ఇలాంటి చోటు లేదు." మళ్ళీ చూసి, ఇబ్బందిగా అంది, "ఎక్కడో చూసిన ముఖంలాగే ఉంది గానీ, ఎవరో గుర్తుకురావడం లేదు."

బావమరిది ముఖంలో దీపావళి మతాబా వెలగడానికి సిద్ధంగా ఉంది. "ఏం బావా, వేరే కొండా? లేకపోతే..."

"ఒరేయ్" అంది లైబ్రరీ ఆవిడ. అంత మెల్లగా ఆవిడ లైబ్రరీలో కూడా మాట్లాడదు. "మీ బావ ఈ కొండ అన్నారంటే ఈ కొండే. ఆయనకి మాటలు తక్కువ. ఉన్నవాటిలో అబద్ధాలు లేవు. లేవండి, పైకి పోదాం."

రొట్టె సగం తిని అందరికన్నా ముందు ఆవిడే లేచింది. అక్కడినించి దారి నిటారుగా ఉంది. ఒక చేత్తో మోకాలు పట్టుకుని, రెండో చేత్తో కొమ్మలు పట్టుకుని ఎక్కింది. నవ్వకండిగారు వెనకాలే నడిచారు. ఆవిడ కాన్వాసు బూట్ల మడమలు కళ్ళముందే ఉన్నాయి, మట్టి కొట్టుకుని, ఒక్కో రాయి మీద వణుకుతూ. ఇరవై ఆరేళ్ళలో మొదటిసారి ఆయనకి తన ఊఁ ఎంత బరువుందో తెలిసింది. భుజం మీది స్టాండు దాని ముందు ఏపాటిది. పైకెళ్తే ఆ కొండ కనిపించదు, అందరిముందూ ఈ మనిషి తల వంచుకోవాలి, తన వల్ల. దేవుడా, మంచు విడవకుండా చూడు అని మొక్కుకున్నారు.

దేవుడికి ఆ రోజు వేరే పనులున్నట్టున్నాయి. అంచుమీదున్న బల్లపరుపు బండ మీద అందరూ చేరి, ఒగరుస్తూ, ఎటు చూసినా తెలుపే కనిపిస్తుంటే నిలబడ్డ రెండు నిమిషాలకి గాలి వీచింది. మంచు కిందనించి కదిలి, పల్చబడి, చిరిగింది. చిరుగులోంచి ముందు ఒక ఎర్రటి గుత్తి కనిపించింది. తర్వాత దాని కొమ్మ, తర్వాత వంకర మాను. ఆ పైన, ఆకాశంలో అంత ఎత్తున ఉంటాయని ఎవరూ అనుకోనిచోట, రెండు శిఖరాలు.

డ్రిల్లు మాస్టారు ఈల నోట్లో పెట్టుకుని ఊదడం మర్చిపోయాడు.

బావమరిది చిన్న ఫొటోని చేయిచాచి కొండ పక్కన పెట్టాడు. ఇటు చూశాడు, అటు చూశాడు. "కాదు. ఇక్కడ పెద్దది కుడివైపుంది. చెట్టు కూడా అటువైపు. కాదు బావా. ఒప్పేసుకో, ఇది కాదు."

నవ్వకండిగారు కొండని చూస్తూ ఉండిపోయారు. చిన్న శిఖరం ఎడమవైపునించి పెద్దదాని భుజం మీదికి ఒరిగి ఉంది. వేలమంది ముఖాలు చూసిన కళ్ళు అవి. ఇది నాలా లేదండీ అని వేలమంది చేత అనిపించుకున్న చెవులు. తిరగబడ్డ ముఖం, అనుకున్నారు. అద్దంలో ముఖం. ఆ వెంటనే, ఇరవై ఏడేళ్ళ కిందటి చీకటిగది, ఎర్ర బల్బు, తన పాతికేళ్ళ వేళ్ళు కళ్ళముందుకి వచ్చాయి. నెగటివ్‌కి ఒకవైపు మెరుపు, ఒకవైపు మసక. మసకవైపు కిందికి పెట్టాలి. కంగారులో పైకి పెట్టారు. కొండ మొత్తం కుడి ఎడమలు తిరగబడి అచ్చయింది. కంటిపొరల గురువుగారు పోల్చుకోలేదు. ఎన్నడూ కొండ చూడని శిష్యుడికి తెలిసే దారే లేదు.

ఆయన బావమరిది చేతిలోంచి ఫొటో తీసుకుని, వెనకవైపు తనకి కనిపించేలా తిప్పి, వెలుతురుకి ఎదురుగా పైకెత్తి పట్టుకున్నారు. పల్చటి కాగితంలోంచి బొమ్మ వెనకనించి తేలింది. పెద్దది కుడికి వచ్చింది. చిన్నది ఎడమకి పోయింది. దాని అంచు మీదుగా నిజం కొండ అంచు సరిగ్గా అతికింది.

"ఆఁ, ఇదీ మా కొండ" అంది గైడు. "కుడి ఎడమలు మార్చేసిన మనిషిని పోల్చుకోమంటే ఎలా సార్."

"ప్రింటు తిరగేసి వేశారు" అన్నారు నవ్వకండిగారు నెమ్మదిగా.

అందరూ చప్పట్లు కొట్టారు. బావమరిది పెద్దమనిషి తరహాలో లెంపలు వేసుకున్నాడు. "తప్పయిపోయింది బావా. ఇన్నాళ్ళూ నీమీద అనుమానపడ్డాను. కొండని వెనకనించి కూడా గుర్తుపట్టావంటే నువ్వు ఇక్కడికి రాకపోవడమేమిటి. తీయి, తీయి, మంచు మళ్ళీ కమ్మేలోగా తీయి."

లైబ్రరీ ఆవిడ కళ్ళు తుడుచుకుంది. "చెప్పానా. ఆయనకి అబద్ధం చెప్పడం చేతకాదురా" అంది తమ్ముడితో.

నవ్వకండిగారు స్టాండు నిలబెట్టారు. కెమెరా బిగించారు. కన్ను ఆనించారు. కొండ అందులో అమాయకంగా, పూలతో సహా, ఫొటోకి కూర్చున్నట్టుంది. వేలు మీటమీద ఉంది. ఇక ఈ జన్మకి భయం లేదు. కొండే వచ్చి సాక్ష్యం చెప్పి వెళ్ళింది. ఇకమీద ఎవరు అడిగినా, ఎన్నిసార్లు అడిగినా, ఊఁ అంటే చాలు.

ఆయన మీటమీంచి వేలు తీసేసి, తిన్నగా భార్య దగ్గరికి నడిచారు.

"ఆ ఫొటో మా గురువుగారు తీసింది."

ఆవిడకి అర్థం కాలేదు. "ఏ ఫొటో?"

"అదే, అరలోది. కొండెక్కింది ఆయన. చలిలో నిలబడింది ఆయన. తీసింది ఆయన. నేను చీకటిగదిలో ప్రింటు వేశాను. అదీ తిరగేసి వేశాను. ఆ ఫొటోలో నాదంటూ ఉన్నది ఆ తప్పొక్కటే."

"సార్, మంచు వస్తోంది" అని గైడు అంచునించి పిలిచింది.

"మరి నేనడిగితే మీరే తీశానన్నారుగా" అంది ఆవిడ.

"అనలేదు. ఊఁ అన్నాను."

ఆ మాట బయటికొచ్చాక ఆయనకే తెలిసింది, ఇరవై ఆరేళ్ళ కాపురంలో ఇంత పనికిమాలిన వాదన తను ఇంకొకటి చేయలేదని. ఆవిడ ఆయన ముఖంలోకి చూస్తోంది. కోపమొచ్చినప్పుడు ఆవిడ పుస్తకం అట్టలాగా మూసుకుపోతుంది. అలా మూసుకుపోవడం ఆయన చూస్తున్నారు.

"ఇప్పుడెందుకు చెప్పారు? ఎవరూ అడగలేదుగా."

"ఎక్కేటప్పుడు దొరికిపోతానని భయమేసింది. ఇక దొరకనని తెలిశాక అంతకంటే భయమేసింది. నువ్వు మోకాలు పట్టుకుని ఎక్కావు."

"బావా, అయిపోతోంది, తర్వాత మాట్లాడుకోండి" అని బావమరిది చేతులు ఊపుతున్నాడు. చిన్న శిఖరం అప్పటికే మెడదాకా మునిగింది.

"వాళ్ళకి కూడా చెప్పండి" అంది ఆవిడ. "ముందు వాడికి చెప్పండి." అని బండ చివరికి వెళ్ళి, అందరికీ వీపు పెట్టి, రాయి మీద కూర్చుంది.

ఆయన చెప్పారు. చెప్పడం ఎంతోసేపు పట్టలేదు, కానీ కొండకి అంతసేపు ఆగే ఓపిక లేదు. ఆయన గురువుగారి కళ్ళపొరల దాకా వచ్చేసరికి పెద్ద శిఖరం పోయింది. చీకటిగది దగ్గర చెట్టు పోయింది. చివరికి ఎర్రగుత్తి కూడా మంచులో కలిసిపోయి, ఏడుగురూ గైడూ మళ్ళీ తెల్లటి గిన్నెలో మిగిలారు. సంఘానికి ఫొటో లేదు.

ఈ రోజు కోసం బావమరిది ఏళ్ళ తరబడి కాచుక్కూర్చున్నాడు. అయినా అతను ఒకసారి అక్క వీపు వైపు చూసి, నేలచూపులు చూశాడు. "దొరికిపోతే ఎంతో సరదాగా ఉంటుందనుకున్నాను బావా. ఏం బాలేదు" అన్నాడు.

డ్రిల్లు మాస్టారు, చేతులు వెనక్కి కట్టుకుని, ఏమీ కనిపించని దిక్కుకేసి క్రమశిక్షణగా చూస్తున్నాడు. నవ్వకండిగారు తలెత్తి ఆయన్ని చూశారు. చూసి, ఇంకోసారి చూశారు. మాస్టారి ముక్కు కింద నీడ లేదు. గడ్డం కింద లేదు. కళ్ళ గుంటల్లో కూడా లేదు. వెనకాల ముడత లేని, మరక లేని తెలుపు. ఎన్ని లైట్లు సర్దినా, ఎన్ని తెరలు ఉతికినా స్టూడియోలో ఏనాడూ రాని వెలుతురు అది. ఆయన చేయి తనంతట తనే జేబులోకి వెళ్ళి దువ్వెన తీసింది.

"మాస్టారూ, ఇలా వచ్చి ఈ రాయిమీద కూర్చోండి. తల దువ్వుకోండి."

మొదట మాస్టారు కూర్చున్నాడు. తర్వాత ముగ్గురు సభ్యులూ దువ్వెన కోసం కొట్టుకున్నారు. గైడు తలగుడ్డ తీసి జుట్టు సర్దుకుని వచ్చింది. "కొండ ఎక్కేవాళ్ళు కొండనే తీస్తారు సార్. నన్ను ఎవరూ తీయలేదు" అని, తీసింది చూసుకుని, "ఇది నాలా లేదే" అంది. ఆయన అద్దం సంగతి చెప్పబోయి, ఈ పూటకి తిరగేసిన ముఖాల మాట చాలనుకుని ఊరుకున్నారు. బావమరిది కళ్ళజోడు పెట్టుకుని ఒకటి, తీసి ఒకటి దిగాడు.

రాయి ఖాళీ అయింది. ఎవరూ పిలవలేదు. లైబ్రరీ ఆవిడ తనే లేచి, మోకాలు రాసుకుంటూ వచ్చి, రాయిమీద కూర్చుంది. ఆయన వంక చూడలేదు. ఇరవై ఆరేళ్ళ కిందటి గుర్తింపుకార్డు ఫొటో తర్వాత ఆయన ఆవిడని తీయలేదన్న సంగతి ఆ క్షణానే ఆయనకి తట్టింది. ఊరందరి ముఖాలూ తీసిన చేతులు. సిగ్గేసింది.

దగ్గరికెళ్ళి, "ఏమనుకోకు" అని రెండు వేళ్ళతో గడ్డం కొంచెం దించారు. వేళ్ళు చల్లగా ఉన్నాయి. వణుకుతున్నాయి.

"ఆ రోజు కూడా ఇలాగే వణికాయి" అంది ఆవిడ, ఇద్దరికే వినిపించేలా. "అంత వణికే మనిషి కొండలు ఎలా ఎక్కాడా అనిపించి అడిగాను. లేకపోతే నాకెందుకు మీ ఫొటో సంగతి."

"మరి..."

"మరి లేదు, ఏమీ లేదు. నాకింకా కోపంగానే ఉంది. ఇంటికెళ్ళాక కూడా ఉంటుంది. వెళ్ళి తీయండి."

ఆయన వెనక్కి నడిచి కన్ను ఆనించారు. తెల్లటి మంచులో ఆవిడ ముఖం ఒక్కటే ఉంది. చెమటకి అంటుకున్న వెంట్రుకలు, చలికి ఎర్రబడ్డ ముక్కు, ఇంకా పూర్తిగా తెరుచుకోని కళ్ళు. ఆవిడ ఎదురుచూస్తోంది. "ఏం, అనరేం? మీ మాట" అంది.

ఆయన నోరు తెరిచారు. జీవితంలో వేలసార్లు అన్న మాట, ఎంతకీ రాలేదు.

ఆ నిశ్శబ్దంలోకి వెనకనించి బావమరిది, అచ్చం బావ గొంతుతో, ఎంతో గంభీరంగా, "నవ్వకండి" అన్నాడు. డ్రిల్లు మాస్టారు దానికి ఈల వేశాడు. లైబ్రరీ ఆవిడ పెదాలు బిగపట్టింది, ముక్కు ఎగబీల్చింది, ఇక ఆపుకోలేక పళ్ళన్నీ కనిపించేలా నవ్వింది. గడ్డం పైకి లేచిపోయింది. తల ఒక పక్కకి వాలింది. పాస్‌పోర్ట్ ఆఫీసులో అయితే పది కారణాలు చెప్పి వెనక్కి పంపే ఫొటో. నవ్వకండిగారు మీట నొక్కారు.

చెప్పినట్టే ఆవిడ కోపం ఇంటికెళ్ళాక కూడా ఉంది. పదిహేను రోజులు ఆయన ఏం అడిగినా "ఊఁ" అనే జవాబు చెప్పింది. ఆ పదిహేను రోజుల్లో ఆయన పాత పెట్టెలన్నీ వెతికి, గురువుగారి నెగటివ్ పట్టుకుని, మసకవైపు ఎటుందో రెండుసార్లు చూసుకుని, కొండని మళ్ళీ సరిగా ప్రింటు వేశారు. అది అరలో పాతచోటే ఉంది. కింద చీటీ మీద, తీసినవారు మా గురువుగారు, అని రాసి ఉంది. దాని పక్కన అంతే పెద్ద ఫొటో ఇంకొకటి వచ్చింది. అందులో తెలుపు తప్ప ఏమీ లేదు, ఆ తెలుపు మధ్య నవ్వుతున్న ఒక ఆడమనిషి తప్ప. దానికింద చీటీ లేదు. ఆయన రాయబోతే లైబ్రరీ ఆవిడ వద్దంది. "అడిగినవాళ్ళకి నోటితో చెప్పండి. అలవాటవుతుంది" అంది.

మొన్న ఒక కుర్రవాడు, ఉద్యోగం దరఖాస్తు కోసం వచ్చాడు. స్టూలు మీద కూర్చుని, అద్దాల అరవైపు చూపించి, "ఆ నవ్వుతున్నావిడ ఫొటో మీరే తీశారా అండీ?" అని అడిగాడు.

అలవాటు కొద్దీ ఊఁ గొంతుదాకా వచ్చింది. నవ్వకండిగారు దాన్ని మింగేసి, గొంతు సవరించుకున్నారు.

"నేనే తీశాను. ఆవిడ మా ఆవిడ. వెనకాల పెద్ద కొండ ఉంది, మీకు కనిపించదు" అన్నారు. తర్వాత రెండు వేళ్ళతో అతని గడ్డం దించి, వెనక్కి నడిచి, కెమెరాకి కన్ను ఆనించారు. "నవ్వకండి. ఇది ఆఫీసుకి. దీని తర్వాత మీకోసం ఇంకొకటి తీస్తాను."